కంపెనీ గుడ్డలు

సత్యవేడులో భారతమ్మ చేత తిట్టు తినని మనిషి ఉన్నాడంటే, వాడు నిన్ననో మొన్ననో ఊళ్ళోకి దిగి ఉండాలి. పాలవాడు, కరెంటు మీటరు చూసేవాడు, రేషను డీలరు, పక్కింటి గోవిందస్వామి పెళ్ళాం, ఆమె పెంచుకునే కోళ్ళు, అందరూ ఆ నోట్లో పడి లేచినవాళ్ళే. యాభై ఎనిమిదేళ్ళ వయసు, నలభై కిలోలు దాటని ఒళ్ళు. గొంతు మాత్రం వీధి మొదట్లో ఎత్తితే చివర బోరింగు దగ్గర నీళ్ళు కొట్టేవాళ్ళకు స్పష్టంగా వినబడేది.

ఆ నోరు ఆమెకు ఊరికే రాలేదు. మొగుడు ధనంజయ ట్రాక్టరు బోల్తాపడి పోయేనాటికి కొడుకు మునికుమార్‌కి ఎనిమిదేళ్ళు. ధనంజయ తాగి నడిపాడని ట్రాక్టరు యజమాని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు. భారతమ్మ వెళ్ళి అతని గడప మీద కూర్చుంది. మూడు రోజులు లేవలేదు. నాలుగో రోజు ఉదయం ఆ పెద్దమనిషి పదిమంది ముందు తన మాట వెనక్కి తీసుకున్నాడు. అప్పటినుంచి ఆమెకు ఒక నమ్మకం కుదిరింది. నోరుంటేనే ఈ లోకం దారి ఇస్తుంది, మెత్తగా ఉంటే నెత్తినెక్కి తొక్కుతుంది. చెనక్కాయలు ఒలిచి, ఇటుక బట్టీలో మట్టి తొక్కి కొడుకును ఐటీఐ చదివించింది. దారిలో ఎంతమందితో తగువు పడిందో ఆమెకే గుర్తులేదు.

మునికుమార్‌కి శ్రీ సిటీలో మాత్రలు చేసే ఒక కంపెనీలో పని దొరికింది. కాంట్రాక్టు మీదే, అయినా కంపెనీ బస్సు ఊళ్ళోకి వచ్చి ఎక్కించుకుపోయేది. ఏం మాత్రలు చేస్తారని అడిగితే, ఏవో పౌడర్లమ్మా, అన్నీ తెల్లగానే ఉంటాయి అనేవాడు. రెండు జతల తెల్ల ప్యాంటు చొక్కాలు, తలకు గుడ్డ టోపీ ఇచ్చారు. పర్మినెంటు వాళ్ళ గుడ్డలు కంపెనీలోనే ఉతుకుతారట, కాంట్రాక్టు వాళ్ళు ఇంటికి తెచ్చుకోవాలట. ఈ తేడా భారతమ్మకు తప్పుగా తోచలేదు. పైగా సంబరపడింది. కొడుకు కంపెనీ గుడ్డలు దండెం మీద ఆరుతుంటే వీధిలో వెళ్ళేవాళ్ళు చూస్తారు కదా.

ఆ గుడ్డలు ఉతకడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. మొదట పెరట్లో నిలబడి చొక్కాను కాలరు దగ్గర పట్టుకుని గట్టిగా దులిపేది. పిండి మరలో పనిచేసేవాడి చొక్కాలోంచి రాలినట్టు తెల్ల దుమ్ము రాలేది. తరవాత అరచేతులకు ఆముదం బాగా పట్టించేది, సబ్బుకు వేళ్ళు పగలకుండా. అప్పుడు నానబెట్టి, బండ మీద బాది, కాలరు దగ్గరా చంకల దగ్గరా వేళ్ళతో నలిపి నలిపి రుద్దేది. రోజుకు ఒక జత, ఆదివారం కూడా వదలకుండా.

రెండేళ్ళ కిందట కోడలు లోకేశ్వరి వచ్చింది. వరదయ్యపాళెం పిల్ల, ఇంటరు చదివింది, వాషింగ్ మెషీన్ కొనిపించింది. మొదటి తగువు అక్కడే మొదలైంది. ఆ పెట్టెలో వేస్తే గుడ్డలు పీలికలైపోతాయని భారతమ్మ అంది. అసలు సంగతి అది కాదు. వంట కోడలి చేతికి పోయింది, పెత్తనం పోయింది, కొడుకు ఇంటికి రాగానే చూసే చూపు కూడా వంటింటి వైపు పోయింది. మిగిలింది ఆ రెండు జతల గుడ్డలు. వాటి మీద చెయ్యి వేస్తే ఊరుకునేది లేదని తేల్చి చెప్పింది. ఒకసారి లోకేశ్వరి తెలియక బకెట్లో ముంచబోతే చేతి మీద చరిచింది కూడా. అప్పటినుంచి అత్తాకోడళ్ళ మధ్య మాట అంటే తూటానే. ఒకే పొయ్యి, ఒకే తలుపు, ఒకరి నీడ ఒకరికి పడదు.

అలాంటి భారతమ్మకు ఆ ఏడాది వేసవిలో ఒళ్ళు కుదుటపడింది. ముట్లుడిగి పదకొండేళ్ళయినా ఉండుండి ఒంట్లోంచి ఆవిర్లు ఎగసి, జాకెట్టు తడిసి ముద్దయ్యేది. అది ఆగిపోయింది. నిద్ర పట్టసాగింది. చేతుల చర్మం నున్నబడింది. ముసలిదాని ముఖానికి కళ వచ్చిందని గోవిందస్వామి పెళ్ళాం కూడా ఓర్వలేక ఒప్పుకుంది. రొమ్ములు కాస్త సలిపేవి గానీ దాన్ని లెక్కపెట్టలేదు. ఇదంతా గంగమ్మ దయ అనుకుంది. ఎందుకంటే తమిళ లెక్కలో ఆషాఢమైన ఆడి నెల మంగళవారాల్లో వీధి గంగమ్మకు అంబలి కాచే కుండ ఐదేళ్ళుగా ఆమె చేతిలోనే ఉంది. ముట్లుడిగిన ఆడదే ఆ కుండ ముట్టాలి. నోరు ఎంత చెడ్డదైనా వీధి వీధంతా ఆమె చేతి అంబలి కోసం చెంబులు పట్టుకుని నిలబడే రోజులవి. ఆ నాలుగు మంగళవారాలూ ఆమెకు ఎవరూ ఎదురాడరు.

ఆడి నెల మొదటి మంగళవారం తెల్లవారి స్నానానికి వెళ్ళిన మనిషి చీర చూసుకుని అక్కడే కూలబడింది. పదకొండేళ్ళ తరవాత మళ్ళీ ముట్టయింది.

మొదట కళ్ళను నమ్మలేదు. తరవాత భయపడింది. ఆ భయం ఎంతోసేపు నిలవలేదు, సిగ్గు వచ్చి మింగేసింది. కోడలు ఐదో నెల కడుపుతో ఉంది, అత్త ముట్టు గుడ్డలు ఉతుక్కుంటోంది. ఈ మాట బయటపడితే వీధిలో తల ఎత్తుకునేదెలా? కుండ ముడితే గంగమ్మ ఊరుకోదు, ముట్టకపోతే కారణం చెప్పాలి. మోకాళ్ళు పట్టేశాయని చెప్పింది. కుండ గోవిందస్వామి పెళ్ళాం చేతికి పోయింది. ఆ ఆడది సంబరంగా అంబలి పోస్తుంటే భారతమ్మ తలుపు వేసుకుని లోపల కూర్చుని పళ్ళు కొరికింది.

రెండో మంగళవారం కూడా కుండ ముట్టలేకపోయింది. మూడు రోజులు ఆగి, రెండు రోజులు కనబడి, మళ్ళీ ఆగి, ఒక లెక్క లేకుండా సాగుతోంది. ఇది రోగమని ఆమెకు తోచలేదు. తన ఇంట్లో తన శత్రువు వండిన అన్నం తింటున్నదాయె, ఆలోచన వేరేవైపు ఎందుకు పోతుంది? కోడలు మందు పెట్టింది. అంబలి కుండ పోవాలనీ, వీధిలో తన తల వంగాలనీ అన్నంలో ఏదో కలిపింది. అలా తేల్చుకున్నాక ఆమెకు కొంచెం ప్రాణం కుదుటపడింది కూడా.

ఒక మధ్యాహ్నం పెరటి కంచె మూలన దాచి ఆరేసిన పాత గుడ్డలు లోకేశ్వరి కంటపడ్డాయి. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఆమె పెద్దమ్మకు ఇలాగే ముట్లుడిగాక రక్తం కనబడితే, సిగ్గుపడి ఏడాది దాచి, చివరికి గర్భసంచి క్యాన్సరుతో పోయింది. ఆ సంగతి అత్తకు చెప్పి ఆస్పత్రికి రమ్మంది. భారతమ్మ కంచం పక్కకు తోసింది.

"చేసేదంతా చేసి ఆస్పత్రి అంటావా? నా కూట్లో ఏం కలిపినావో ముందు అది చెప్పు."

"మందు పెట్టాలనుకుంటే నీ నోరు పడిపోయే మందు పెట్టుంటా అత్తా. ఇది పెడితే నాకేం వస్తాది?"

ఆ మాటతో ఇల్లు మండిపోయింది. సాయంత్రం మునికుమార్ వచ్చేసరికి ఇద్దరూ చెరో గుమ్మంలో కూర్చుని ఉన్నారు. విషయం ఏమిటని అతను అడిగితే ఇద్దరూ చెప్పలేదు. ఈ ఒక్క సంగతిలో మాత్రం వాళ్ళ మధ్య పొత్తు కుదిరింది. మగవాడికి చెప్పే మాట కాదది.

మర్నాడు భారతమ్మ తన షరతు పెట్టింది. కాణిపాకం రావాలి. కోనేట్లో మునిగి, తడి బట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు కర్పూరం వెలిగించి, అత్తకు మందు పెట్టలేదని ప్రమాణం చేయాలి. అక్కడ అబద్ధం ఆడి బాగుపడినవాడు ఈ జిల్లాలో లేడని అందరికీ తెలుసు. కడుపుతో ఉన్న పిల్లను బస్సుల్లో అంత దూరం ఈడ్చుకుపోవడం అన్యాయమని ఆమెకు తోచలేదంటే ఆమె గురించి బాగా చెప్పినట్టవుతుంది. తోచింది. అయినా అడిగింది.

లోకేశ్వరి తలెత్తి చూసింది. "వస్తా. ప్రమాణం చేస్తా. తిరిగొచ్చేటప్పుడు తిరుపతిలో డాక్టరమ్మ దగ్గరికి నువ్వు వస్తావా? ముందు మాటియ్యి."

అంత సూటిగా బేరం ఆడుతుందని భారతమ్మ అనుకోలేదు. మాట ఇచ్చింది.

నాలుగు రోజులు శుభ్రంగా ఉన్నాక ఒక గురువారం బయల్దేరారు. మొదటి బస్సుకు తిరుపతి, అక్కడినుంచి ఇంకో బస్సుకు కాణిపాకం. ఒకే సీట్లో కూర్చున్నారు, మధ్యలో సంచి పెట్టుకుని. కాణిపాకంలో దిగి పూల అంగళ్ళు దాటి కోనేటి వైపు నడుస్తుండగా భారతమ్మ కాళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ మొదలైంది. గుడి కనబడుతోంది, గంట వినబడుతోంది, ఆమె అడుగు ముందుకు వేయడానికి లేదు. కొబ్బరికాయల అంగడి పక్కన అరుగు మీద కూర్చుండిపోయింది.

లోకేశ్వరికి చెప్పకుండానే అర్థమైంది. అంత ముసలిదాన్ని అక్కడ నాలుగు మాటలు దులపడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆ పిల్ల దులపలేదు. సంచిలోంచి కర్పూరం తీసుకుని ఒక్కతే కోనేటి వైపు వెళ్ళిపోయింది.

భారతమ్మ అరుగు మీద గంటసేపు కూర్చుంది. ఆ గంటలో ఆమె బుర్ర తిన్నగా పని చేసి ఉంటే బాగుండేది. లోపలికి పోయిందో లేదో ఎవరు చూశారు, ఏ చెట్టు కిందో కూర్చుని వచ్చి చేశానంటే ఎవరు కాదంటారు అని ఆమె లెక్కలు వేసుకుంటోంది. అప్పుడు కనబడింది లోకేశ్వరి. చీర ఒంటికి అంటుకుపోయి, జుట్టులోంచి నీళ్ళు కారుతూ, కడుపు మీద ఒక చెయ్యి వేసుకుని, జనం పక్కకు తప్పుకుంటుంటే నడిచి వస్తోంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. కుడి అరచేతిలో కర్పూరం మసి.

"చేసినా. నువ్వు చూడలేదు. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు," అంది. "ఇంక పా, తిరుపతికి."

భారతమ్మ తన తుండు గుడ్డ తీసి పక్కన పెట్టింది. చేతికి ఇవ్వలేదు, పక్కన పెట్టింది. లోకేశ్వరి తీసుకుని తల తుడుచుకుంది.

తిరుపతిలో డాక్టరు ప్రసన్నకుమారికి ఓపిక తక్కువ, చెయ్యి మాత్రం మంచిది. స్కాన్ చేసి చూస్తే ముట్లుడిగిన మనిషికి నాలుగైదు మిల్లీమీటర్లు దాటకూడని గర్భసంచి లోపలి పొర పద్నాలుగు ఉంది. రక్తం తీసింది, పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. హార్మోను మాత్రలేమైనా వాడుతున్నావా, ఒంటికి ఏ క్రీమైనా పూసుకుంటున్నావా, నాటు మందులేమైనా మింగావా అని గుచ్చి గుచ్చి అడిగింది. భారతమ్మ అన్నింటికీ తల అడ్డంగా ఊపింది. కొడుకు మాత్రల కంపెనీలో పని చేస్తాడని తెలిశాక మాత్రం ఆమె కలం ఆగింది. ఏం మాత్రలో కనుక్కుని వారం తరవాత రమ్మంది.

కనుక్కోవడానికి లోకేశ్వరి ఎక్కడికీ పోలేదు. కంపెనీలో పౌడరు డ్రమ్ముల లోపల పరిచే మందపాటి ప్లాస్టిక్ కవర్లు మునికుమార్ అప్పుడప్పుడు ఇంటికి తెచ్చేవాడు. వాటిలో ఒకటి నేల చెమ్మ తగలకుండా భారతమ్మ చాప కింద పరుచుకుంది. దాని అంచున చిరగని ఒక చీటీ మిగిలి ఉంది. లోకేశ్వరి దాన్ని సెల్‌లో ఫోటో తీసింది.

వారం తరవాత డాక్టరు ఆ ఫోటో చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. క్యాన్సరు కాదని ముందే చెప్పింది, అది ఆమె మంచితనం. తరవాత అసలు సంగతి విప్పింది. ఆడదాని అండాశయాలు ఒంట్లోని కొవ్వు సరుకు నుంచి తయారుచేసుకునే పదార్థం ఒకటుంది, ఈస్ట్రడయాల్ అని. గర్భసంచిలో నెలనెలా పొర పెంచేది అదే, ఎముకను గట్టిగా ఉంచేది కూడా అదే. యాభై దగ్గరపడ్డాక అండాశయాలు దాన్ని చేయడం మానేస్తాయి. ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం అంతా ఆ కరువు వల్లే. ఫ్యాక్టరీల్లో దాన్నే సోయాలాంటి మొక్కల సరుకుతో చేసి, ఒంట్లో కాస్త ఎక్కువసేపు నిలవడానికి ఒక ఆమ్లాన్ని తోకలా తగిలిస్తారు. చీటీ మీద ఉన్న ఈస్ట్రడయాల్ వాలరేట్ అంటే అదే. ఆవిర్లకు తాళలేని వాళ్ళకూ, చిన్న వయసులోనే అండాశయాలు తీసేసిన వాళ్ళకూ, పిల్లల కోసం వైద్యం చేయించుకునే వాళ్ళకూ తాను కూడా ఆ మాత్రలు రాస్తానంది. ఒక మాత్రలో అసలు మందు ఒకటో రెండో మిల్లీగ్రాములు, కల్లుప్పు పలుకంత కూడా ఉండదు. మిగతాదంతా పిండే. భారతమ్మ రక్తంలో అది ముప్పై ఏళ్ళ ఆడదానికి ఉన్నంత ఉంది.

"ఆ గుడ్డలు ఎవరు ఉతుకుతారు?" అని అడిగింది డాక్టరు.

భారతమ్మ వీపు నిటారుగా పెట్టి, తానేనని చెప్పింది. ఎలా ఉతుకుతుందో కూడా గొప్పగా చెప్పింది, దులపడం, ఆముదం, నలపడం, అంతా. డాక్టరు తల పట్టుకుంది. ఆ పౌడరు నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. చర్మం గుండా లోపలికి పోతుంది కాబట్టే దాన్ని ఒంటికి రాసుకునే జెల్‌గా కూడా అమ్ముతారు. దులిపినప్పుడు ముక్కులోకి, ఆముదం పూసిన అరచేతుల్లోంచి ఒంట్లోకి, పడుకున్నప్పుడు చాప కింది కవరులోంచి, ఇన్ని దారుల్లో ఆమె ఎన్ని నెలలుగానో మందు తీసుకుంటోంది. గర్భసంచి ఉన్న మనిషికి ఈ మందు ఒక్కటే ఎన్నడూ ఇవ్వరు. పొర హద్దు మీరకుండా పట్టి ఉంచే ప్రొజెస్టిరాన్ జతగా ఇస్తారు. భారతమ్మకు పెంచేది మాత్రమే అందింది, పట్టి ఉంచేది అందలేదు. ఇంకో ఏడాది ఇలాగే సాగి ఉంటే అప్పటి రిపోర్టులో ఏం ఉండేదో చెప్పలేనంది. మూడు నెలలు రెండో మందు వాడాలి, ఆ గుడ్డలు ముట్టకూడదు.

అప్పుడే ఏదో తట్టినట్టు డాక్టరు లోకేశ్వరి వైపు తిరిగింది. "నువ్వు ముట్టుకున్నావా వాటిని? కడుపుతో ఉన్నావు, నిజం చెప్పు."

"నన్ను ముట్టనిచ్చిందెప్పుడు మేడమ్," అంది లోకేశ్వరి.

భారతమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. ప్రేమతో ఆ పిల్లను దూరం పెట్టలేదు, కక్షతో పెట్టింది. ఆ కక్షే కడుపులోని బిడ్డను కాచిందంటే ఆమెకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. తనను ఇంత వెర్రిదాన్ని చేసింది ఎవరో ఇంకా తెలియకపోయినా, వాళ్ళ మీద మండింది.

లేచేముందు డాక్టరు ఇంకో ప్రశ్న వేసింది. కొడుక్కి ఛాతీ ఏమైనా వాచిందా, సలుపుతోందా అని. భారతమ్మ నోరు తెరిచేలోపు లోకేశ్వరి తల దించుకుంది. నాలుగు నెలలుగా మునికుమార్ ఇంట్లో కూడా చొక్కా విప్పడం లేదు. ఎండాకాలం కూడా రెండు బనియన్లు బిగించుకుని తిరిగాడు. భార్య ఎదుట కూడా గోడ వైపు తిరిగి చొక్కా మార్చుకుంటాడు. ఆమె చూసింది, అడగలేదు, అతను చెప్పలేదు.

సాయంత్రం మునికుమార్‌కు అంతా చెప్పారు. ఆ పౌడరు పని కంపెనీలో ఈ ఏడాదే మొదలైందన్నాడు. తన ఛాతీ మాట వచ్చేసరికి అతను పెళ్ళాం మీద ఇంతెత్తున లేచాడు. ఇది కంపెనీలో తెలిస్తే పని పోతుందన్నాడు, ఊళ్ళో తెలిస్తే ప్రాణం పోతుందన్నాడు. గుడ్డలు లోపలే ఉతికించమని ఒకసారి అడిగితే, అది పర్మినెంటు వాళ్ళకేనని షిఫ్టు ఆఫీసరు యోగానంద కొట్టిపారేశాడట. చివరికి రేపటినుంచి చాకలామెకు వేస్తానన్నాడు.

"ఆ చాకలామె ఆడది కాదా?" అని అడిగింది లోకేశ్వరి.

భారతమ్మకు కోడలి మాట నచ్చింది. నచ్చిందని చెప్పలేదు.

మర్నాడు మునికుమార్ బస్సెక్కాక ఆమె రెండు చేతులకూ ప్లాస్టిక్ సంచులు తొడుక్కుంది. అతను నిన్న విప్పి పడేసిన జతను చాప కింది కవరులో వేసి మూతి బిగించి కట్టింది. మూట చంకన పెట్టబోయి, ఆగి, దూరంగా పట్టుకుంది. లోకేశ్వరి అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"యాడికి నువ్వు? ఈ పీడ నీ దగ్గరికి రాకూడదంట," అంది భారతమ్మ.

"ఆటో మాట్లాడినా. ముందర డ్రైవరు పక్కన కూచుంటా, రోడ్డుకు ఆ పక్క దిగతా. డాక్టరమ్మ కాగితం ఇంగ్లీషులో ఉండాది, నీకు చదవడం వస్తాదా?"

వాళ్ళు కంపెనీ దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు గంటలవుతోంది. షిఫ్టు మారే వేళ. భారతమ్మ గేటుకు ఎదురుగా, బస్సులు తిరిగే చోట, నేల మీద చతికిలబడింది. మూట ముందు పెట్టుకుంది. గేటు కాపలా గిరి మొదట మెత్తగా, తరవాత గట్టిగా లేవమన్నాడు. ధనంజయ చచ్చిపోయినప్పుడు ట్రాక్టరు యజమాని గడప మీద ఎలా కూర్చుందో అలాగే కూర్చుంది. అతను లోపలికి ఫోన్ చేశాడు. పనికి వచ్చేవాళ్ళు గేటు బయట ఆగారు, పని ముగించినవాళ్ళు గేటు లోపల ఆగారు. వాళ్ళ మధ్యలోంచి యోగానంద బయటికి వచ్చాడు, మెడలో ఐడీ కార్డు, చేతిలో సెల్.

ఏం కావాలని అడిగాడు. గుడ్డల సంగతి ఆమె చెప్పింది. కాంట్రాక్టు వాళ్ళ గుడ్డలతో కంపెనీకి సంబంధం లేదని అతను వినయంగానే చెప్పాడు.

"సరే సామీ," అంది భారతమ్మ. "మీ ఇంట్లో మీ యమ్మ ఉండాదా? ఈ మూట ఎత్తుకపోయి ఆమె చేత ఉతికించు. ఒక్క ఆర్నెల్లు ఉతికించు. నేను లేసి పోతా."

అంటూ మూటను అతని కాళ్ళ దగ్గరికి తోసింది. యోగానంద గబుక్కున నాలుగడుగులు వెనక్కి వేశాడు. చెయ్యి ముక్కు దగ్గరికి పోయింది.

ఆ నాలుగడుగులు భారతమ్మ చూసింది. అతనికి తెలుసు. ఆ మూటలో ఏముందో, అది ఏం చేస్తుందో మొదటినుంచీ తెలుసు. ఇన్నాళ్ళు పాలవాడి మీద, పక్కింటి కోళ్ళ మీద, ఒళ్ళు తడిసి వణికిన ఆ పిల్ల మీద తాను పారేసుకున్న నోరంతా ఆమెకు ఒక్కసారి గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఆ సిగ్గు ముందు ముట్టు మాట బయటపడుతుందన్న సిగ్గు చిన్నదైపోయింది.

అంతగా ఏమైందని చివరికి యోగానందే అడిగాడు, నలుగురి ముందు ఈ రచ్చ ఎందుకని.

వీధి మొదట్లో ఎత్తితే చివర వినబడే ఆ గొంతును ఆమె పూర్తిగా ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు, అక్కడ అంత నిశ్శబ్దంగా ఉంది.

"నాకు యాభై ఎనిమిదేండ్లు. ముట్లుడిగి పదకొండేండ్లు. మీ గుడ్డలుతికి మళ్ళా ముట్టయినాను. ముసిలిదాన్ని నేనే చెప్తా ఉండా. ఈ గుడ్డలేసుకునే మొగోళ్ళ ఒంట్లో ఏమవతా ఉండాదో వాళ్ళు చెప్పరు."

ఎవరూ నవ్వలేదు. ఒక్కడు కూడా నవ్వలేదు. గేటు లోపల ముందు వరసలో ఉన్న అష్ఫాక్ అనే కుర్రవాడు, పెళ్ళి కుదిరినవాడు, మెల్లగా రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకున్నాడు. అతని పక్కన ఉన్నవాడు టిఫిన్ క్యారియరును గుండెలకు ఆనించుకున్నాడు. వెనక ఇంకొకడు, ఆ వెనక ఇద్దరు. తానొక్కడికే వచ్చిందనుకుని రెండేసి బనియన్లు బిగించుకున్న మగవాళ్ళు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. చూసినవాళ్ళెవరూ తరవాత తల తిప్పుకోలేకపోయారు.

వాళ్ళలోంచి మునికుమార్ బయటికి వచ్చాడు. అతను చేతులు కట్టుకోలేదు. వచ్చి తల్లి పక్కన, ఆ మూట పక్కన, నేల మీద కూర్చున్నాడు. తరవాత అష్ఫాక్ కూర్చున్నాడు.

రోడ్డుకు అవతల ఆటో దగ్గర లోకేశ్వరి డాక్టరు కాగితం పట్టుకుని నిలబడి ఉంది. భారతమ్మ ఆమె వైపు చూసి, అక్కడే ఉండమన్నట్టు చెయ్యి ఊపింది. గొంతు తగ్గించి కొడుకుతో, "దానికి పొద్దున్నుంచి కూడు లేదు, ఎవర్నన్నా పంపించి ఏమన్నా తెప్పియ్యి," అంది.